ముక్కాలి మోసినవాడి మాట

పదకొండేళ్లు మోశాను గురామ్ కెమెరా ముక్కాలిని,
సగం దూరం నేను, సగం దూరం నా గుర్రం లుర్జా.
కెమెరా మాత్రం ఎవరికీ ఇచ్చేవాడు కాదు,
పాలు తాగే పిల్లలా గుండెకి కట్టుకునేవాడు.

మొదటి మూడేళ్లూ శిఖరాలే.
చీకట్లో లేచి వెళ్లి, ఉష్బా జంట కొమ్ములకి
తొలి ఎరుపు అంటేదాకా నోరెత్తకూడదు.
దగ్గినా కసురుకునేవాడు,
నా దగ్గు ఫోటోలో పడుతుందన్నట్టు.
ఆ బొమ్మలు త్బిలిసీలో గోడలెక్కాయి.
ఒకటి చూశాను. దూరపు కొండల సామెత నిజం చేస్తూ
ఎంత నున్నగా ఉందో,
నా మోకాళ్లు ఎన్నడూ దాని మీద చెక్కుకుపోనట్టు.
కింద చీటీ: "మనిషి జాడ లేని చోటు."

జాడ లేదా!
ఆ ఎడమ మూల లేత చార
దారెజాన్ అత్త కొడవలి గీసింది.
ఆమె కోత ముగించి పక్కకి తప్పుకునేదాకా
రెండు గంటలు బండ మీద కూర్చున్నాం మేము,
ఆమె కట్టిచ్చిన కుబ్దారీ రొట్టె తింటూనే.

తర్వాత ఎనిమిదేళ్లు మంచునది.
అదే బండ, అదే సెప్టెంబరు, అదే పొద్దు.
ముక్కాలి పాదాలు ఆనే చోట
మూడు ఎర్రచుక్కలు నేనే పెట్టాను,
ఇంటి తలుపుకి వేయగా మిగిలిన రంగుతో.
ఏటా ఒక బొమ్మ. ఏటా మంచు ఇంకాస్త లోపలికి,
ముట్టుకున్న నత్త కొమ్ములా.
గురామ్ అంకెలు రాసుకునేవాడు.
నేను రాసుకోలేదు.
ఏటి హోరు పెరిగిందని చెవికే తెలుసు.
లుర్జా దాటే రేవు నాలుగుసార్లు మార్చింది,
నన్ను అడక్కుండానే.

పన్నెండో ఏడు వెళ్తే
బండ లేదు.
ఇన్నాళ్లూ కింద దాన్ని పట్టుకున్నదీ మంచేనట.
లోయ అడుగున ఒక పక్కకి ఒరిగి పడి ఉంది,
మూడు చుక్కల్లో ఒక్కటి ఆకాశంకేసి.
గురామ్ అంచున నిలబడి, ముందుకి చెయ్యి చాపి
"ఇక్కడే కదా నిలబడేవాళ్లం" అన్నాడు.
ఇక్కడ అంటే, గాలి.

ఆ రాత్రి వాన. దారెజాన్ వంటిల్లు.
వెల్లుల్లి వేసి ఉప్పు నూరుతోంది అత్త.
జరిగిందంతా చెప్పాడాయన,
ఎవరికో ఒకరికి చెప్పుకోవాలని.
ఆమె రోకలి ఆపలేదు.
"కిటికీ చెక్క చూడు" అంది.

నేను దీపం పట్టుకున్నాను.
నిలువు చెక్క నిండా కత్తిగాట్లు.
ఒక పక్క పిల్లల ఎత్తులు:
ఝూజునా, ఓటియా,
రెండు గాట్ల దగ్గరే ఆగిపోయిన మ్జియా.
రెండో పక్క మంచు.
ఏటా గడ్డికోత మొదలయ్యే రోజున
పొయ్యికి వీపానించి, ఒక కన్ను మూసి,
మంచు అంచు చెక్కకి ఎక్కడ తగిలితే అక్కడ ఒక గాటు.
పెళ్లయి వచ్చిన ఏటి నుంచీ. యాభైమూడు.
పిల్లలూ పైకే, మంచూ పైకే.
దీపం కదిలితే ఏవి ఎవరివో పోల్చుకోలేం.

"ఎందుకు పెట్టావత్తా ఇవి?"
"మా అత్తగారు పెట్టమంది.
ఆవిడకి ఎవరు చెప్పారో, అడగలేదు."

తెల్లారేసరికి వాన వెలిసింది.
గురామ్ పొయ్యికి వీపానించి, ఒక కన్ను మూశాడు.
పోయినేటి గాటుకి జానెడు పైన మంచు.
"ఒక్క ఏడాదిలో ఇంతా!" అని మొహం పాలిపోయింది.
"వంగు" అంది అత్త.
"ఆ లెక్క నా కంటి ఎత్తుది, నీది కాదు."

వంగాడు.
శిఖరాల కోసం మెడ పైకెత్తడమే అలవాటైనవాడు
మోకాళ్లు మడిచి, భుజాలు దించి,
ఇంకొంచెం, ఇంకొంచెం అని ఆమె అంటుంటే.
జానెడు తగ్గి తగ్గి
గోధుమగింజంతయింది.
గోధుమగింజంత మిగిలింది.

"ఇప్పుడు గియ్యి" అని చాకు చేతికిచ్చింది.
కెమెరా బల్ల మీదే ఉంది, మూత తియ్యలేదు.
చెక్క గట్టిది, మొదటిసారి చాకు జారింది.
"అబ్బ, వంకర" అంది అత్త.

నేను బయటికొచ్చి
లుర్జా వీపు మీంచి ముక్కాలి దింపేశాను.
ఇవాళ్టికి సగం కూలి అడగాలా
అసలే అడక్కూడదా
ఇంకా తేల్చుకోలేదు.