వణుకు

హారన్ వాయిస్తానంటే పెదవాల్తేరులో నవ్వుతారు,
ఏ బస్సుకి, అని.

నేవీ బ్యాండు గదిలో ఏసీ నీళ్లు బకెట్లో పడుతుంటాయి.
"స్వరం కదలకూడదు బొడ్డేటీ,
జర్మనీ వాళ్లలా పట్టు, మేకు దిగినట్టు"
అంటారు డిక్రూజ్ మాస్టారు.

రష్యా ఓడ వచ్చిన ఏడు
వాళ్ల హారన్ కుర్రాడు
ఒక్క స్వరాన్ని పట్టుకుని
అందరి ముందూ ఏడ్చేశాడు.
అరిగిన ఫ్రెంచి రికార్డులో ఇంకొకాయన...
శాక్సోఫోననుకున్నాను.

మా నాన్నది సన్నాయి. అనకాపల్లి.
ఆయన లెక్కలో
కదలని స్వరం ఐసు పెట్టిన చేప.

నిన్న కచేరీలో
ఇత్తడి నోట్లో కుడిచెయ్యి దోపి
పన్నెండు మాత్రలు పట్టాలి.
పదకొండు దాకా మేకునే.
పన్నెండోదానికి
నా పెదవి కింద నాన్న మసిలాడు.

మాస్టారు తలెత్తారు. ఏమీ అనలేదు.

తిరిగొస్తూ హార్బరు దగ్గర బండి ఆపాను.
లంగరేసిన ఓడొకటి కూసింది,
ఏ జెండాదో.
తిన్నగా, ఒక్క గీతలా వెళ్లిన కూత
యారాడ కొండకి తగిలి
వణుక్కుంటూ వెనక్కొచ్చింది.

మాస్టారికి చెప్పాలి.
చెప్పను.