ఆకు కట్టు

ప్రతి పళ్ళేనికీ మాకో వాక్యం కంఠతా పట్టిస్తారు.
నాలుగో వంటకం దగ్గర నేను అనాల్సింది ఇది:
"కొలార్డ్ ఆకు, పన్నెండు గంటల సెగ, దాని ఆత్మ మాత్రమే."
అని, గాజు కూజా వంచి
గుక్కెడు పట్టే గిన్నెలో
పచ్చటి కట్టు పోస్తాను.
ధర పద్దెనిమిది డాలర్లు. అది నేను అనక్కర్లేదు.

సవానా నది వైపు కిటికీ, తొమ్మిదో నంబరు బల్ల.
మనవరాలు లడోనా లాయరు పరీక్ష నెగ్గిందట, ఖర్చు ఆమెది.
నాయనమ్మ వెర్డెల్ గాస్కిన్స్.
ముప్పై ఒక్కేళ్ళు బడిపిల్లలకు వండిన చేతులు
తెల్ల గుడ్డ మీద ఏం చేయాలో తోచక
ఒకదాన్నొకటి పట్టుకుని కూర్చున్నాయి.

అంతకుముందు వచ్చినవాటికి పెద్దగా పేర్లు పెట్టలేదావిడ.
బొబ్బర్లు నురగై వస్తే నురగనే తింది.
మొక్కజొన్న నూక బిళ్ళలై వస్తే
"ఎవరో పొయ్యి మీద మరిచిపోయారు, పాపం" అంది, అంతే.
బెండకాయ ఒక్కటంటే ఒక్కటి, నిలువునా చీరి,
పువ్వుతో సహా వస్తే మాత్రం
మిగతావి బస్సు తప్పిపోయాయా అని నన్నడిగింది.

కట్టు దగ్గర ఆగింది.
గిన్నె ఎత్తి, కళ్ళు మూసి, సగం గుక్క.
పక్క బల్లవాళ్ళు ఫోటోలు దించుకుంటున్నారు.
నేను కదలకూడదు, కూజాతో నిలబడ్డాను.

"పొగ తగిలింది. పందికాలు వేశారు, మంచిదే.
ఆకులేవి నాయనా?"

తీసేస్తామండీ, అన్నాను. ఆత్మ మాత్రమే...

"మా అమ్మ వంటకు వెళ్ళే ఇంట్లో
ఆకు ముందు గదిలోకి వెళ్ళేది.
నీళ్ళు వెనక గుమ్మంలోంచి మాకొచ్చేవి, పందికొవ్వు డబ్బాలో.
రొట్టె ముంచుకుని ఆ నీళ్ళతోనే పెరిగాం, ఏడుగురం.
ఇప్పుడు నీళ్ళు ముందుకొచ్చాయి, సరే.
ఆకు ఎవరు తింటున్నారు?"

దీనికి నాకు వాక్యం నేర్పలేదు.
లడోనా "నానమ్మా" అని చేయి నొక్కింది.
మేమే, అన్నాను మెల్లిగా.
నాలుగున్నరకు, తలుపులు తీయకముందు,
గిన్నెలు కడిగే టెరెల్, నేను, ఇంకో ఇద్దరు,
నిలబడే, పెనంలో కాల్చిన మొక్కజొన్న రొట్టెతో.

"మిగిలిందా?"

ఐదో వంటకం ఖాళీ కుర్చీ ముందు చల్లారింది.
వంటింట్లో ఉల్లిగడ్డల పెట్టె బోర్లించి
టెరెల్ తడిచేత్తోనే దుమ్ము తుడిచాడు.
పెద్ద వంటాయన ఏదో అనబోయి
ఆవిడ నమలడం చూసి
పట్టకారు కింద పెట్టాడు.
మిరపకాయలు ఊరిన వెనిగర్ అడిగింది.
ఉంది. మా కోసం దాచుకున్న సీసా, ఏ జాబితాలోనూ లేనిది.

ముందు గదిలో లడోనా
రెండు జతల చెంచాల మధ్య కాసేపు ఒక్కతే కూర్చుంది.
తర్వాత ఎత్తుమడమల చప్పుడు
నా వెనకే వంటింటి గడప దాకా వచ్చి
ఆగింది.