గోధుమరంగు

నీ పుస్తకంలో ఆ దేశం నడుముకి
గోధుమరంగు పూశారే, కెజియా.
ఎత్తైన చోటని గుర్తంట.
రంగుకేం తెలుసు ఎత్తు?
మన లంకలో ఎత్తంటే ఏటిగట్టు,
అదెక్కితేనే నాకు మోకాళ్ళు పట్టేస్తాయి.

కొండంటే ఏంటో జెనెబెచ్ చూపించింది.
కువైట్లో ఒకే వంటగది మాది,
బియ్యం బస్తాల పక్కన రెండు చాపలు.
నాకు సగం అరబ్బీ, దానికి పావు,
మిగతాదంతా చేతులు.
ఒక రాత్రి మేడం పడుకున్నాక
గట్టుమీద మైదాపిండి కుప్పపోసి
వేలితో అడ్డంగా గీతలు లాగింది.
ఇవి రాళ్ళు పేర్చిన గట్లు,
ఇదిగో, ఈ గోటి మందం గీత మా చేను.

ఎద్దు కాలు జారితే
నాగలితో సహా లోయలోకేనంట.
పండే గింజ చోడిగింజలో సగం కూడా ఉండదు,
నూర్చేటప్పుడు తుమ్మకూడదంటే నవ్వొచ్చింది నాకు.
దాన్నే మూడ్రోజులు పులియబెట్టి
చాటంత అట్టు పోస్తారు, నిండా కన్నాలు.

సంతకి దిగడం అయిదు గంటలు,
ఉప్పూ కిరసనాయిలూ గాడిదకెత్తి
ఎక్కడం ఏడు.
మరి డబ్బో, అనడిగాను.
పెరట్లో నీలగిరి చెట్లే బ్యాంకంట:
జ్వరానికొకటి, పెళ్ళికి నాలుగు.
చెట్లయిపోయిన ఏడు
ఏజెంటు ఆ కొండెక్కాడు.
మన రేవులో పడవ దిగినవాడిలాగే
చేతిసంచి, తీపి మాటలు.

దాని పేరుకి వాన కురిసిందని అర్థం.
అది పుట్టిన రాత్రి కురిసిన వానకి
గట్టు తెగి సగం చేను పోయిందంట.
ఎక్కడికి పోయిందే?
కిందికి. ఏట్లో పడి, ఎడారి దాటి,
ఎవరిదో దేశానికి.
"అక్కడ మా నాన్నకి పొలం ఉంది సువార్తా,
కాగితాలే లేవు."
చెప్పి, పిండంతా మళ్ళీ డబ్బాలోకి ఎత్తేసింది,
రేపు రొట్టెలకి లెక్క తగ్గకుండా.

మొన్న వరద తీశాక చూశావుగా,
మన అరటితోటలో జానెడు ఒండ్రు.
బాబాయి మీసం దువ్వాడు, ఎరువు ఖర్చు మిగిలిందని.
నేనూ సంతోషించాను, అబద్ధమెందుకు.
పిలకలు నాటుదామని దిగితే
పిక్కల దాకా చల్లగా, మెత్తగా...
ఎవరి నాన్నదో.

పరీక్షలో ఇదంతా రాయకు, మార్కులు రావు.
నువ్వు పటం వేసేటప్పుడు మాత్రం
ఆ గోధుమరంగుని
గీత దాటి కొంచెం కిందికి కారనియ్యి.