అంచున పెట్టినవి

స్టమాటిస్‌కి తెల్లవే కావాలి.
అన్నం, పెరుగు, ఫెతా చీజ్, రొట్టెలో మెత్తటి భాగం.
మొన్న గుడ్డు ఉడికించి పెడితే
పచ్చసొనని బొటనవేలితో పక్కకి నెట్టి
సింకు వైపు చూశాడు,
దాని దారి అది చూసుకుంటుందన్నట్టు.

లెఫ్కీది ఇంకో లెక్క.
ఏదైనా తింటుంది గానీ
ఒకటి ఇంకోదాన్ని తాకకూడదు.
టమాటా రసం బఠాణీల దాకా పారిందా,
ఆ పూటకి పళ్లెం మైలపడినట్టే.
ఒకసారి మధ్యలో రొట్టెముక్కతో గట్టు కట్టాను.
గట్టు నానింది.
కథ మళ్లీ మొదటికొచ్చింది.

ఫ్రిజ్ మీద వాళ్లమ్మ అంటించిన కాగితం:
సోమవారం పప్పు, బుధవారం చేప,
శుక్రవారం పాలకూర అన్నం.
ఆ కాగితానికి వారాలు తెలుసు,
పిల్లలు తెలీదు.

క్యారెట్ తురిమి మాంసం ఉండల్లో దాచాను.
లెఫ్కీ ఫోర్కుతో విప్పి, వంగి, లోపలికి చూసి
"నానులీ, ఇందులో ఎవరో ఉన్నారు" అంది.

గ్రీకు భాష నేను బళ్లో నేర్చుకోలేదు.
ఈ వంటింట్లో, వద్దుల్లోంచి ఏరుకున్నాను.
ఇది జారుతోంది. ఇది తడి వాసనొస్తోంది.
నిన్న ఇంత కరకరలాడలేదు.
బుధవారం నాడైతే, చేపని చూపించి,
"ఇది నన్నే చూస్తోంది."

మా కుతాయిసిలో నేనూ పేచీకోరునే.
ఎర్ర చిక్కుడు గింజలంటే మూతి ముడిచేదాన్ని.
కరెంటు లేని ఆ చలికాలం
తెల్లారకముందే రొట్టెల లైన్లో
అక్క కోటు జేబులో చెయ్యి పెట్టుకుని నిలబడి నిలబడి,
నా పేచీలన్నిటినీ
ఆకలే ఒక్కొక్కటిగా తినేసింది.
ఎముకలు కూడా మిగల్చలేదు.

అందుకే వీళ్ల వద్దుల మీద నాకు కోపం రాదు.
అబద్ధం. వస్తుంది.
గరిటె సింకులో గట్టిగా పడేస్తాను,
కిటికీలో మూరెడు కనిపించే థెస్సలోనికీ సముద్రాన్ని చూస్తాను,
మళ్లీ అన్నం వండుతాను.

నా తిండి నిలబడే.
ఆవేళ మొక్కజొన్న రొట్టె, పుల్ల రేగుపళ్ల పచ్చడి.
అక్క బస్సులో పంపిన సీసా,
మూత చుట్టూ నాలుగు చుట్ల టేపుతో
రెండు సరిహద్దులు దాటొచ్చింది.
స్టమాటిస్ వచ్చి నా మోచేతి కింద నిలబడ్డాడు.
ముక్క తుంచాడు, పచ్చట్లో ముంచాడు,
ఒక కన్ను మూసుకుపోయింది,
ఇంకో ముక్క తుంచాడు.
"అది తెలుపు కాదురా" అన్నాను.
"నీ పళ్లెంలో ఉంటే పర్లేదు."

సంబరపడి వాడి పళ్లెంలో పెట్టానా,
ముట్టలేదు.

ఇక అప్పట్నించీ నా పళ్లెంలో రెండు భోజనాలు.
వాడు తినాల్సిన పప్పు, వాడు తినాల్సిన పాలకూర,
అన్నీ నావేనన్నట్టు పెట్టుకుని
అటు తిరిగి నిలబడతాను, దొంగకి తాళమిచ్చినట్టు.
వాడు వదిలేసింది నేనే తింటాను.
గౌను నడుం దగ్గర బిగుతవుతోంది.
"పప్పు తిన్నాడా?" వాళ్లమ్మ ఫోన్లో అడుగుతుంది.
తిన్నాడంటాను.
ఎవరి పళ్లెంలోంచో ఆమె అడగదు.

నిన్న పులుసు తోడుతుంటే లెఫ్కీ
ఉన్నట్టుండి అడిగింది:
"నానులీ, నీకేది ఇష్టం ఉండదు?"

గరిటె గిన్నె మీదే ఆగింది.
చుక్కలు పడుతున్నాయి.
ముప్పై ఏళ్లలో ఎవరూ అడగలేదు,
నేనూ వెతుక్కోలేదు.
చాలాసేపటికి, సిగ్గుపడుతూ,
"ఉడికిన ఉల్లిపాయ" అన్నాను,
"ఆ జారే పొర."

అది తలూపింది, తెలిసిన రోగం విన్న డాక్టరులా.
కుర్చీ ఈడ్చి నన్ను కూచోబెట్టి
నా గిన్నెలోంచి ఫోర్కుతో
ఒక్కో పొరా తీసి
అంచున వరసగా పెట్టింది,
ఒకటి ఇంకోదాన్ని తాకకుండా.