ఎడమ భుజం

ఫారో దీవుల్లో గాలికి ఆదివారం లేదు.
అందుకే రన్వా నన్ను పనిలో పెట్టుకుంది,
ఫొటోలు తీయడానికి కాదు,
పెద్ద గొడుగు పట్టుకుని
కెమెరాకి గాలి వైపున నిలబడడానికి.

కెమెరా పాతది. కొలిమి తిత్తిలా మడతలు మడతల తోలు.
దాని వీపుకి మాత్రం కొత్త పెట్టె, స్కానింగ్ బ్యాక్.
ఒక్క క్లిక్కుతో లోకాన్ని మింగే రకం కాదు.
లోపల సన్నటి గీత ఒకటి
ఎడమ చివర బయల్దేరి కుడి చివరికి
ఏడు నిమిషాలు పాకుతుంది,
చాప అల్లేవాడు పుల్ల పక్కన పుల్ల పెట్టినట్టు.
కారు బ్యాటరీ నా భుజాల మీదే కొండెక్కింది.
లాప్‌టాప్‌కి చీకటి కావాలని అట్టపెట్టెలో కూచోబెట్టాం.

రాతి గోడల పడవల కొట్టం. పైకప్పు నిండా గడ్డి.
రాళ్ళు బుద్ధిగా కూర్చున్నాయి.
గడ్డి కూర్చోదు కదా.
ఎరుపు ఒకచోట, పచ్చ ఒకచోట, నీలం ఇంకోచోట దొరికింది,
ముగ్గురు సాక్షులు చెప్పిన ఒకే సంగతిలా.
గీతతో పాటు నడిచిన గొర్రె
ట్రాక్టరంత పొడుగైంది.
ఎదురొచ్చిన గొర్రె సూదిబెజ్జంలో పట్టేంత సన్నబడింది.
రన్వా నిట్టూర్చి
రెండిటినీ "పాడైనవి" అనే ఫోల్డర్లో పడేసింది.

కొట్టం సొంతదారు ట్రోండుర్ వచ్చాడు,
నోట్లో ఎండుచేప ముక్క నములుతూ.
పొడుగు గొర్రెను చూసి కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వాడు.
నవ్వు మధ్యలో ఆగి అడిగాడు:
"అయితే బొమ్మలో ఈ చివరకీ ఆ చివరకీ
ఒకటే వేళ కాదన్నమాట?"
కాదు. ఏడు నిమిషాల తేడా.
"మధ్యలో మనిషి చోటు మారొచ్చా?"

తలుపుకి ఎడమ పక్క నిలబడ్డాడు, గుంజలా.
నేను అట్టపెట్టెలో తల దూర్చి తెర చూస్తున్నాను.
"దాటింది!" అని అరిచాను.
కెమెరా వెనకనుంచి, వైర్లు దాటుకుంటూ,
ఒక చేత్తో మోకాలు పట్టుకుని
డెబ్బై రెండేళ్ళ పరుగు.
కుడి పక్కకి చేరి ఊపిరి సర్దుకున్నాక కూడా
గీత ఇంకా తలుపు గడియ దగ్గరే ఉంది.

తెర మీద తలుపుకి ఇటొకడు, అటొకడు.
చప్పట్లు కొట్టబోయాను.
ట్రోండుర్ కుడివాడి మీద వేలు పెట్టి
"వీడూ నేనే," అన్నాడు.
"హోగ్నికి ఎడమ భుజం కాస్త వాలు.
కవలలమే, కానీ వాడి తెడ్డెప్పుడూ అటు పక్క.
మళ్ళీ తియ్యమ్మా."

హోగ్ని ఎక్కడున్నాడని నేను అడగలేదు.
కొట్టంలో ఒక్క పడవ పట్టేంత చోటు ఖాళీ.

బ్యాటరీలో ఒక్కసారికే మిగిలింది.
పొద్దుట్నుంచి రన్వా కాచుకున్న వెలుగు
సరిగ్గా అప్పుడే ఎదుటి కొండ మీద పడింది.
ఆమె అటు చూసింది.
కెమెరా తిప్పలేదు.

రెండోసారి మబ్బు అడ్డొచ్చింది.
ఇద్దరి నడుమ, తలుపు మీదుగా, నిలువునా
నల్లటి పట్టీ, నలభై సెకండ్ల వెడల్పు.
కుడి పక్కవాడు భుజం వాల్చి నిలబడ్డాడు.
గొడుగు అందనిచోట గాలి వాడి జుట్టుని పట్టుకుంది,
ఎర్రగా, పచ్చగా, నీలంగా.
తక్కినదంతా రాయి.

ట్రోండుర్ చాలాసేపు చూశాడు.
"ఆఁ," అన్నాడు. అంతే.
ఎండుచేప విరిచి మా చేతుల్లో పెట్టి
గొర్రెల వైపు వెళ్ళిపోయాడు.

ఎక్కడ దాచమంటావని అడిగాను.
"పాడైనవాటిలో," అంది రన్వా.
"నేను ఎప్పుడూ చెరపనిది ఆ ఫోల్డరొక్కటే."

కొండ దిగేటప్పుడు చూశాను,
ఖాళీ అయినా బ్యాటరీ
అంతే బరువుంది.