పచ్చ అంటే

"కళ్ళు పచ్చగా ఉన్నాయే" అంటే
పక్క బల్ల పూంగొడి తలెత్తి చూస్తుంది.
వాళ్ళ పచ్చ ఆకుది.
మన పచ్చ పసుపుది కూడా.
మద్రాసొచ్చి పదకొండేళ్ళు,
ఆ ఒక్క మాటనీ అరవంలోకి మార్చుకోలేదు నేను.

పెంచలమ్మది పుళియాంతోపు. తెల్లారగట్ల చెత్తబండి.
నల్లసంచిలో చెయ్యి పెడితే
ఎవరింటి సూదో.
"ముల్లనుకున్నా. వాడిన మల్లెల్లో
ముల్లెందుకుంటదని అప్పుడు తోచలా."
గ్లౌజులు లేవా అన్నాను.
నవ్వింది.

ఆమె నెత్తురు ట్యూబుకి వెండికాగితం చుట్టాను.
"ఏందమ్మా, ఇడ్లీ పొట్లమా?"
వెలుతురు తగిలితే చెడిపోయే అణువుంది అందులో.
సీతాకోకచిలుకల రెక్కల్లో మొదట దొరికిన
రంగుల వంశం దానిది.
ఒంట్లో కాపలావాళ్ళు కేక వినగానే వదిలే పొగ.
ఇదంతా చెప్పలేదు.
పొట్లమే అన్నాను.

తొంభై ఆరు గుంటల పళ్ళెం.
ముందు నీలం, ఆమ్లం చుక్క పడగానే పసుపు.
తిరకాసు పరీక్ష ఇది:
లోపల గొడవ ఎంత పెరిగితే
గుంటలో రంగు అంత వెలుస్తుంది.
అంత పచ్చని కళ్ళావిడ గుంట
మజ్జిగ తేటలా ఉంది.
పదిలోపు ఉండాల్సింది, ముప్పై ఒకటి.

"నా కార్జాన్ని పురుగు తింటాందా?"

తినదు పెంచలమ్మా.
దూరి కూచుంటుంది, అంతే.
దాన్ని పట్టడానికొచ్చిన నీవాళ్ళే
తలుపులు విరగ్గొడుతున్నారు.
దొంగని వెతుకుతూ గుడిసెలు కూల్చడం
మీ వీధిలో చూసే ఉంటావు.
ఇదీ చెప్పలేదు. డాక్టరు చెప్పాలి.
నా నోరు మూత బిగించిన ట్యూబు.

బేసిన్ బ్రిడ్జి కింద నీళ్ళు నిలిచిన వారం
డ్యూటీ నుంచి తిన్నగా వచ్చింది,
మోకాళ్ళదాకా బురద.
కళ్ళు తెల్లగా.
గుంట నిండా ముదురు పసుపు. ఎనిమిది.

"తగ్గిందా?"
"తగ్గింది."

గెలిచి తగ్గిందో
అలిసి తగ్గిందో
ఈ కాగితానికి తెలీదు.
ఇంకో ట్యూబు కావాలన్నాను.

"దీనికీ చొక్కా తొడుగుతావా?"
అంటూ చెయ్యి చాచింది.
బొడ్లో దోపిన రబ్బరు గ్లౌజు, ఒకటే.
రెండోది మరదలికిచ్చిందట.