ఒక్కటే బీరువా

హన్మకొండ, సహకార బ్యాంకు హెడ్డాఫీసు, మూడో అంతస్తు.
మార్చి పంతొమ్మిది.
టేబుల్ మీద మూడు కొటేషన్లు,
ఫ్యాన్‌గాలికి ఎగరకుండా వాటిమీద
కాలిపోయిన హార్డ్ డిస్కు ఒకటి పెట్టాను.
చచ్చాక కూడా కొలువు చేస్తున్నది అదొక్కటే ఇక్కడ.

మొదటి కాగితం:
సర్వరు, స్టోరేజి, స్విచ్చు అన్నీ
ఒకే బీరువాలో బిగించి తెస్తారట, తాళంతో సహా.
రెండో కాగితం:
అదే బీరువా, ఇంకో కంపెనీ,
కొంచెం చవక, కొంచెం ఎక్కువ నవ్వు.
మూడోది ఇప్పుడున్నట్టే:
వేరుపడ్డ అన్నదమ్ములు
ఒకే వాకిట్లో మూడు పొయ్యిలు పెట్టుకున్నట్టు.

హైదరాబాదు నుంచి వచ్చిన నిఖిలేశ్
గోడ మీద గొలుసుకట్టు చెరువుల బొమ్మ వేశాడు.
"కన్వర్జ్‌డ్ సిస్టం మీ కాకతీయులు ఎప్పుడో కట్టారు మేడం!
పై చెరువు మత్తడి దుంకితే కింది చెరువు నిండుతుంది.
మా స్టోరేజి కూడా అంతే."
జీఎం గారు మీసం కింద మురిసిపోయారు.
నాకు మాత్రం ములుగు దగ్గర మా మేనత్త ఊళ్లో
కట్ట తెగిన రాత్రి యాదికొచ్చింది.
పైది తెగితే కిందివి
ఒకదాని వెనక ఒకటి.
గొలుసుకు ఆ సంగతీ తెలుసు,
బొమ్మలో లేదు.

అట్లని ముక్కలే మేలనీ అనలేను.
పోయిన వానాకాలం, పంట రుణాలకు ఆఖరి రోజు,
సిస్టం పడిపోయింది.
స్టోరేజి వాడు స్విచ్చు మీద చెప్పాడు,
స్విచ్చు వాడు సాఫ్ట్‌వేర్ మీద చెప్పాడు,
సాఫ్ట్‌వేర్ వాడు టికెట్ నంబరు చెప్పాడు.
ముగ్గురు లైన్లో, నాకు చెవులు రెండే.
నర్సంపేట క్యాషియర్ స్పీకర్ ఆన్ చేస్తే
బానోతు ద్వాలి గొంతు వినిపించింది,
పొద్దున ఏడింటి నుంచి నిలబడ్డ గొంతు:
"నీ మిషన్ల కులగోత్రాలు నాకెందుకు బిడ్డా,
జవాబు ఎవలియ్యాలె, గది చెప్పు."

రెండు వందల పేజీల టెండర్లో
ఆ ప్రశ్నకు గడి లేదు.
ధరకు ముప్పై మార్కులు, వేగానికి ఇరవై,
కరెంటు పొదుపుకు పది.
రాత్రి రెండింటికి ఫోనెత్తే మనిషికి
ఎన్ని వెయ్యాలి?

బీరువాలో మెలికలూ చూశాను.
ఐదేళ్లు వారంటీ. ఆరో ఏడు
వాళ్లు చెప్పిందే రేటు.
జాగా చాలకపోతే జాగా ఒక్కటే అమ్మరు,
ఇంకో పెట్టె మొత్తం కొనాలి,
పావు లీటరు పాలు తక్కువైతే
బర్రెను తోలుకొచ్చుకోమన్నట్టు.

మిర్చి సీజను.
ఎనుమాముల నుంచి వచ్చే గాలికి
ఏసీ ఫిల్టర్లు ఎర్రబడతాయి.
వాటిని దులిపే యాకయ్య
ఏ స్క్రీనూ చూడడు, చెవి పెడతాడు.
"రెండో డబ్బా దగ్గుతుంది మేడం" అంటే
రెండు రోజుల్లో డిస్కు పోతుంది.
ఈ టేబుల్ మీదున్నది అట్లా పోయిందే.

కొత్తదాంట్లో డాష్‌బోర్డు ఉంటుందట అని చెప్పాను.
చీపురు ఆపి కాసేపు ఆలోచించి
"అన్ని ఒక్కదాంట్లనే ఉంటే
దగ్గేది ఏదో ఎట్ల తెలుస్తది?" అన్నాడు.

నిఖిలేశ్‌ను అడిగితే
లింకు పంపించాడు.

సాయంత్రం మొదటి కాగితం మీద సంతకం పెట్టాను.
కింద నా చేత్తో రెండు షరతులు రాశాను.
ఒకటి: ఒకే ఫోన్ నంబరు, ఎత్తేది మనిషి,
తెలుగు రావాలి.
రెండు: పాత డబ్బాలు అమ్మొద్దు.
పరకాల బ్రాంచిలో నడుస్తుండాలి,
రోజూ రాత్రి లెక్కలన్నీ ఒకసారి అక్కడికి చేరాలి,
ఏ గొలుసులోనూ లేని కుంటలాగా.

పర్చేజ్ సెక్షన్ వాళ్లు
ఫార్మాట్లో లేదని ఎర్ర పెన్నుతో గీత గీసి పంపారు.
ఆ గీత మీదే మళ్లీ రాసి పంపాను.

కిటికీ బయట యాకయ్య ఫిల్టర్ కొడుతున్నాడు.
ఎర్రటి దుమ్ము లేచింది.
నేను తుమ్మాను.
లోపల రెండో డబ్బా
ఏమీ అనలేదు, ఇవాళ్టికి.